ఇంజన్ ఒకరికి, దిమాక్ ఒకరికి

మొన్న జగిత్యాలలో ఒక మొబైల్ దుకాణంలో కూర్చున్నాను. దుకాణదారు ఎవరిదో చార్జర్ వైరును పళ్ళ మధ్య పెట్టి తెంపబోతున్నాడు. "కొయ్యకు. జర సబర్ చెయ్, విప్పి చూడు" అన్నాను. అతను తలెత్తి నా వైపు చూశాడు. నాకూ వింతగానే అనిపించింది. ఆ మాట నాది కాదు. సబర్ అన్న పదం మా ఇంట్లో ఎవరి నోటా విన్నది కాదు. ఓపిక పట్టమని చెప్పే అవసరం మా వాళ్ళకు తక్కువ. ఇతరులు ఓపిక పట్టడమే వాళ్ళకు అలవాటు.

అది కోరుట్లలో ఉండిన ఒక ఆపా మాట. ఉర్దూలో ఆపా అంటే అక్క. ఆమె పోయి కొన్నేళ్ళవుతోంది.

ఉర్దూ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆమె. సన్నగా, పొడుగ్గా, తెల్లటి దుపట్టా తల నిండా కప్పుకొని, ముక్కు చివర కళ్ళద్దాలతో ఉండేది. భర్త దుబాయిలో బొమ్మ రైళ్ళు అమ్మే దుకాణంలో మరమ్మతు పని చేసేవాడట. పిల్లలు ఆడుకునే బొమ్మలు కావవి. అసలు ఇంజన్‌లోని ప్రతి మేకునూ, ప్రతి గొట్టాన్నీ అదే కొలతలో చిన్నది చేసి, పెద్దవాళ్ళు మురిసిపోవడానికి తయారు చేసే రైళ్ళు. ఆయన సెలవుకు వచ్చినప్పుడల్లా పాడైన ఇంజన్లు వెంట తెచ్చి, వాటి మీద భార్యకు పని నేర్పాడు. ఆయన పోయాక ఒక ఇనప పెట్టె, ఆ పని ఆమెకు మిగిలాయి. హైదరాబాదు నుంచీ నాగపూరు నుంచీ కొరియర్‌లో ఇంజన్లు వచ్చేవి. వీధిలో వాళ్ళకు మాత్రం ఆమె లెక్కల ఆపాయే.

నేను ఆమె దగ్గరికి వెళ్ళవలసి రావడానికి కారణం మా పంపకాలు.

బోయినపల్లి వైపు మాకు ఒక గడి, దొరల కోట లాంటి ఇల్లు, ఉండేది. భూములు పోయాయి, కప్పు కూలింది, గోడల రాయి కూడా ఎవరెవరి ఇళ్ళకో పునాదులైంది. అయినా మా తండ్రిగారు ఒక్క అలవాటు మానలేదు. జర్మనీలో స్థిరపడిన బాల్యమిత్రుడి ద్వారా బొమ్మ రైలింజన్లు తెప్పించుకునేవారు. చివరి రోజుల్లో వచ్చినవి డిజిటల్ ఇంజన్లు. వీటి పట్టాల్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఏ బండి కదలాలి, ఎంత వేగంగా పోవాలి, ఎప్పుడు దీపం వెలగాలి, ఎప్పుడు కూత వెయ్యాలి అన్న ఆజ్ఞ కూడా ఆ పట్టాల మీదుగానే వస్తుంది. ఇంజన్ లోపల గోరంత పలక ఒకటి ఉండి ఆ ఆజ్ఞను వింటుంది. దాన్ని డీకోడర్ అంటారు. పిన్నుల మీద కూర్చోబెట్టి ఉంటుంది. వేళ్ళతో పట్టి లాగితే ఊడి వస్తుంది.

ఊడి రావడమే మా కొంప ముంచింది. తండ్రిగారు పోయాక పంపకానికి కూర్చున్న పెద్దమనుషులు సమానంగా పంచాలన్న పట్టుదలతో ఇంజన్ల మూతలు విప్పించి, డీకోడర్లన్నీ లాగించి వేరే డబ్బాలో పోయించారు. ఇంజన్లు నా పాలు. డీకోడర్లు, నడిపే పెట్టె, పట్టాలు తమ్ముడి పాలు. న్యాయం జరిగిందని అందరూ చాయ్ తాగారు. అదే రోజు తమ్ముడు ఒక మాట అన్నాడు, నేనూ ఒక మాట అన్నాను. తమ్ముడు సిరిసిల్ల వెళ్ళి మరమగ్గాలు నడిచే సాంచాల షెడ్డులో లెక్కలు రాసే పనిలో కుదిరాడు. నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో చేరాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా మధ్య మాట లేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే నేను ఈ పందిరి గుంజ దగ్గరా, వాడు ఆ పందిరి గుంజ దగ్గరా నిలబడేవాళ్ళం.

తండ్రిగారి ఇంజన్లలో నల్లటి ఆవిరి ఇంజన్ ఒకటి ఉండేది. అది కూత వేసేది. ఆయన మంచం పట్టినప్పుడు గది చుట్టూ తిరుగుతూ ఆ బండే కూసేది. దాన్ని మళ్ళీ ఒక్కసారి నడిచేట్టు చెయ్యాలని నా కోరిక. తమ్ముణ్ణి అడగకుండా చెయ్యాలని నా పట్టుదల. కొత్త డీకోడర్లు, నడిపే పెట్టె తెప్పించాను. డీకోడర్ ఒక్కటీ సరిపోలేదు. హైదరాబాదులో వీటిని సేకరించే ఒకాయన దగ్గరికి పట్టుకు వెళితే, "మీ పక్కనే కోరుట్లలో ఆపా ఉండగా ఇంత దూరం ఎందుకు వచ్చారండీ?" అన్నాడు.

మొదటిసారి గుమ్మంలో నిలబడి, ఫలానా గడి వారమని చెప్పుకున్నాను.

"గడి సంగతి తర్వాత. బండి సంగతి చెప్పు" అంది ఆపా.

మూత విప్పి చూసింది. కళ్ళద్దాలు పైకి తోసి నన్ను చూసింది.

"గిదేంది దొరా, దీంట్ల దిమాకే లేదు."

"పంపకాలల్ల పోయింది."

"ఏమన్నవ్?"

"మా తమ్ముని పాలుకు పోయింది."

ఆపా చేతిలోని చిమటాను, ఆ చిన్న పట్టకారును, బల్ల మీద పెట్టింది. "ఇంజన్ నీకు, దిమాక్ తమ్మునికా? గడియారం పంచితే గూడ ముండ్లు ఒకనికి, డబ్బ ఒకనికి ఇస్తరా మీ దిక్కు? ఏ పెద్దమనిషి పంచిండు గిట్ల?"

నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దుపట్టా అంచుతో కళ్ళు తుడుచుకుంది. నాతో మాట్లాడుతూ అలా నవ్విన మనిషి అంతకు ముందు లేరు. లేచి వచ్చేద్దామనుకున్నాను. కానీ ఇంజన్ ఆమె చేతిలో ఉంది.

నేను తెచ్చిన డీకోడర్లు చూసి, "ఇవన్ని తేళ్ళు. నీ బండి జెర్రిని అడుగుతది" అంది.

అవి ఆమె పెట్టుకున్న పేర్లు. ఎనిమిది పిన్నులది తేలు, ఎనిమిది కాళ్ళు కనుక. ఇరవై ఒక్క పిన్నులది జెర్రి. దాని తర్వాత వేరే కంపెనీల వాళ్ళు ఇంకొకటి తెచ్చారు. చూడటానికి అదీ జెర్రి లాగానే రెండు వరుసలు, అందులోనూ ఒక పిన్ను జాగా ఖాళీ. కానీ మొదటిదానికి పిన్నులు బండిలో ఉంటాయి, రెండోదానికి డీకోడర్‌కే ఉంటాయి. దాన్ని ఆపా ఉల్టా జెర్రి అనేది. ఒకదానిలో ఒకటి పట్టదు.

"తేలు మంచిది దొరా" అనేది. "తిరిగేసి పెట్టినా ఏం కాలది. బండి వెనుకకు నడుస్తది, దీపం వెలుగది, గంతే. నువ్వు తప్పు చేసినవని నిమ్మళంగ చెప్తది. జెర్రిలకు గంత ఓపిక లేదు."

"ఇన్ని రకాలు ఎందుకు పెట్టిండ్రు మరి?" అని ఒకసారి అడిగాను.

"కంపినోళ్ళు అందరు ఒక్క గదిల కూసుంటే ఒక్కటే అవుతుండె. ఎవల గదిల కూసోవాల్నో తెగలేదట."

నా ఇంజన్‌లో డీకోడర్ కూర్చునే సాకెట్ కోసేసి తీగలు నేరుగా అతికిస్తే సరిపోతుంది కదా అని కూడా అడిగాను. అప్పుడు విన్నాను ఆ మాట మొదటిసారి. "కొయ్యకు. సబర్ చెయ్. నడుమ ఒక తుకడా చేసి ఇస్త. ఒక దిక్కు తేలుకు పడ్తది, ఒక దిక్కు బండికి పడ్తది." సీసం కరిగించే ఇనుప కడ్డీ వేడెక్కిందో లేదో చూస్తూ, "దీని అసలు దిమాక్ దొరికితే తుకడా అక్కర లేదు" అంది. తమ్ముడి ప్రసక్తి ఆమె నా దగ్గర తెచ్చింది ఆ ఒక్కసారే. మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆమె పనిచేసే తీరు చెప్పాలి. కిటికీ పక్క బల్ల మీద పాత చీర మడత పరిచి, దాని మీద బండిని వెల్లకిలా పడుకోబెట్టేది. కరిగిన సీసం బొట్టు పడే చోట ముందు నోటితో ఊది, తర్వాత ఊపిరి బిగబట్టేది. నమాజు వేళయితే ఎంత సున్నితమైన పనయినా అక్కడే ఆపి లేచిపోయేది. వచ్చినవాడు దొరైనా ఎవరైనా ఒంటరిగా గోడలు చూస్తూ కూర్చోవలసిందే. పని ముగిశాక డీకోడర్‌ను తను పెట్టదు. "పెట్టుడు తీసుడు ఎవలది వాళ్ళే చెయ్యాలె" అని బండిని ముందుకు జరిపేది. నేను వంకరగా పెడితే కళ్ళద్దాల మీదుగా చూసి, "బడిపిల్లలు నయం" అనేది.

ఒకసారి ఆమే తప్పు చేసింది. బండికి తుకడా పెట్టి కరెంటు ఇవ్వగానే డీకోడర్‌లోంచి సన్నటి పొగ వచ్చింది. గదంతా కమురు వాసన. ఆపా బండిని తిప్పి చూసి, సాకులు వెతకలేదు.

"కాలవెట్టిన. పిన్నులు కిందికెల్లి చూసి లెక్కవెట్టిన, మీదికెల్లి చూసినట్టు అతికిచ్చిన. తప్పు నాది."

ఇనప పెట్టె తెరిచి భర్త దాచుకున్న డీకోడర్ ఒకటి తీసి ఇచ్చింది.

"ఊకె తీసుకోను" అన్నాను.

"ఊకె ఇస్తలేను. కాలవెట్టినందుకు ఇస్తున్న. మీ గడిల తప్పు చేసినోళ్ళతోని దండుగ కట్టించుకుంటుండ్రి గద. గిది గూడ గంతే."

ఇంకెవరైనా అని ఉంటే ఆ గుమ్మం మళ్ళీ తొక్కేవాణ్ణి కాదు. ఆమె ఆ మాటను గుచ్చడానికి అనలేదు, దాచడానికీ ప్రయత్నించలేదు. బడిలో లెక్క చెప్పినట్టు చెప్పింది. డీకోడర్ తీసుకున్నాను.

మరోసారి వెళ్ళినప్పుడు బల్ల మీద ఒక డీకోడర్ కనిపించింది. దాని మూల మీద ఎర్రటి లక్క చుక్క. మా తండ్రిగారు తన డీకోడర్ల మీద కాగితాలకు ముద్ర వేసే లక్కతో చుక్క పెట్టుకునేవారు. ఆ చుక్కను నేను ఎక్కడైనా గుర్తుపడతాను. పక్కనే నేనెరుగని కొత్త ఇంజన్ ఒకటి, ఉల్టా జెర్రి సాకెట్‌ది, నోరు తెరుచుకొని ఉంది. నాకు వెంటనే అర్థమైంది. వాడూ నా లాగే కొత్తది కొనుక్కున్నాడు, వాడికీ సరిపోలేదు, వాడూ సిరిసిల్ల నుంచి ఇక్కడికే వస్తున్నాడు.

నా చూపు ఎక్కడ ఆగిందో ఆపా గమనించింది. దాని మీద రుమాలు కప్పింది. నన్ను ఎప్పుడూ మంగళవారమే రమ్మని ఎందుకు చెప్పేదో ఆ రోజు తెలిసింది. వాడికి వేరే వారం ఇచ్చి ఉంటుంది. వాడి మాట నాకు మోయలేదు, నా మాట వాడికి మోయలేదు. మధ్యవర్తులు మా ఇద్దరి మధ్య చాలామంది తిరిగారు. ఒక్కొక్కరూ వచ్చినప్పుడల్లా ఇంకో మాట పెరిగేది. ఆమె ఒక్కతే రుమాలు కప్పి ఊరుకుంది. ఆ రుమాలుకు నేను ఈనాటికీ ఋణపడి ఉన్నాను.

ఆమె కట్టుదిట్టాన్ని చెరిపింది తెలంగాణ సమ్మె. ఆ మంగళవారం నేను కోరుట్లలో ఉండగానే బస్సులు ఆగిపోయాయి. రాత్రికి తెలిసినవాళ్ళ ఇంట్లో ఉండి, తెల్లవారాక ఇంజన్ తెచ్చుకుందామని ఆపా ఇంటికి వెళ్ళాను. రోడ్డు మీద వంటా వార్పు ఏర్పాట్లు జరుగుతున్నాయి. గులాబీ కండువాలు వేసుకున్న కుర్రవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పప్పూ బియ్యం అడుగుతున్నారు. ఆపా గుమ్మంలో నిలబడి వాళ్ళ సంచిలో కందిపప్పు పోస్తోంది.

"ఆపా, ఊరంత ఇడిపోదామంటుంటె నువ్వు తీగలు కలుపుడు పని వెట్టుకున్నవేంది?" అన్నాడు ఒకడు.

"సాకెట్ కలుపనీకే అనుకుంటున్నవా? ఇడదీయనీకె గూడ. కత్తెరవెట్టకుండ తీయనీకె. లెక్కలల్లనే కాదు, నీకు గిండ్ల గూడ సున్ననే" అంది. మిగతావాళ్ళు గొల్లుమన్నారు. వాడు ఆమె దగ్గర చదువుకున్నవాడే అయి ఉంటాడు, తల గోక్కున్నాడు.

నేను లోపల కూర్చున్నాను. తుకడా ఇంకా కుదరని నల్ల ఇంజన్ మూత లేకుండా బల్ల మీద ఉంది. అప్పుడు గుమ్మంలో స్కూటర్ ఆగింది. బుధవారం తమ్ముడి వంతన్నమాట. వేములవాడ మీదుగా, అడ్డంకులు తప్పించుకుంటూ లోపలి దారుల్లో వచ్చాడట. బట్టల నిండా దుమ్ము. నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయాడు. జుట్టు నెరిసింది తమ్ముడికి. పందిరి గుంజల దూరం నుంచి అది నాకు తెలియలేదు.

నేను లేవలేదు. వాడు లోపలికి రాలేదు. ఆపా మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

"సడకంత బందున్నది. ఎవ్వలు ఎటు పోలేరు" అంది. "చిన్నదొరా, చెప్పులిడిచి లోపటికి రా. దుమ్ము పడ్తది, బండి తెరిచున్నది."

వాడు వచ్చి బల్లకు అటు పక్క కూర్చున్నాడు. జేబులోంచి చిన్న డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు. లక్క చుక్కల డీకోడర్లన్నీ అందులో ఉన్నాయి. వాడు వాటి కోసం తుకడాలు చేయించుకోవడానికే వచ్చాడు. ఆపా చిమటాతో వెతికి ఒకదాన్ని పైకి తీసి, వెలుగులో పెట్టి చూసింది. ఏ బండిదో మా ఇద్దరికీ తెలుసు. అది ఆ నల్ల ఇంజన్‌ది.

ఆపా దాన్ని ఇంజన్ పక్కన పట్టి చూసింది. చివరికి చిమటా దించి, "నాకు గిదొక తిప్పలైంది" అంది. "పెట్టుడు ఎవలది వాళ్ళే చెయ్యాలంట నేను. బండి నీది. దిమాక్ ఆయనది. ఇప్పుడు ఎవలు పెట్టాలె?"

ఆమె మా వైపు అలా చూడటం తమాషాకు కాదు. నిజంగానే ఆమెకు తెలియలేదు. ఎంతమందికో లెక్కలు చెప్పిన మనిషి సమాధానం కోసం మా మొహాలు చూస్తోంది. బయట డప్పులు మొదలయ్యాయి.

నేను ఇంజన్‌ను రెండు చేతులా పట్టుకొని బల్ల మధ్యకు జరిపాను. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను. తమ్ముడు డీకోడర్ తీసుకున్నాడు. వాడి వేళ్ళు మా తండ్రిగారి వేళ్ళలా ఉంటాయి, పొట్టిగా, చివర్లు వెడల్పుగా. పిన్నుల మీద పెట్టి ఒత్తబోయాడు.

"తలకిందులున్నది" అన్నాను.

అది ఏళ్ళ తర్వాత నేను మా తమ్ముడితో అన్న మొదటి మాట.

"నాకెరుకనే" అన్నాడు. తిప్పి పెట్టాడు. "నువ్వు కింద గట్టిగ పట్టు. పలక వంగుతది."

"పట్టిన్నే. నువ్వు ఒత్తు."

"మెల్లగ" అంది ఆపా.

చిన్న చప్పుడుతో కూర్చుంది. మధ్యన ఏ తుకడా లేదు. ఆపా పట్టాల మీద పెట్టి కరెంటు ఇచ్చింది. దీపం వెలిగింది. బండి ఒకసారి తటపటాయించి కదిలింది. గోడ మలుపు దగ్గర కూత వేసింది. తమ్ముడు కిటికీ వైపు తిరిగాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఆపా నమాజు వేళ కాకపోయినా లేచి లోపలికి వెళ్ళిపోయింది. బండి చుట్లు తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం తమ్ముడు, "బస్సులు లెవ్వు. జగిత్యాల దాక నేను దింపుత" అన్నాడు. ఇంజన్ డబ్బాను ఒళ్ళో పెట్టుకొని స్కూటర్ మీద వెనక కూర్చున్నాను. ఊరి చివర మళ్ళీ ఆపారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి మీద పెద్ద గంజుల్లో కిచిడీ ఉడుకుతోంది.

"డబ్బల ఏముంది సార్?"

"రైలు" అన్నాడు తమ్ముడు.

"కోరుట్లకు పట్టాలే రాలే, రైలెక్కడిదే?"

తమ్ముడు మూత తీసి చూపించాడు. చుట్టూ మూగారు. "అన్ని ఊర్లోళ్ళు రైల్ రోకో చేసిండ్రు, మనకు ఆపనీకె రైలే లేకపాయె అని ఏడ్చినం గద. దించుండ్రి దీన్ని." ఇంజన్‌ను తారు రోడ్డు మీద నిలబెట్టి, వెనక అందరూ కూర్చొని ఫొటో తీయించుకున్నారు. జై తెలంగాణ నినాదాల మధ్య అది బుద్ధిగా నిలబడింది. రైలును ఆపాక ఇక మమ్మల్ని వదలలేదు. విస్తరాకులు పరిచి కూర్చోబెట్టారు. మా వంశంలో రోడ్డు మీద బాసింపట్టు వేసుకొని తిన్న మొదటివాళ్ళం మేమే అయి ఉంటాం. కిచిడీలో ఉప్పు తక్కువైంది. తమ్ముడు నా ఆకులో కొంచెం పచ్చడి వేశాడు.

ఇంటి ముందు దింపి, స్కూటర్ ఆపకుండానే అడిగాడు. "అన్నా, దిమాక్ తీసుకపోవాల్నా?"

"ఉండనీ."

"ఉంటె మల్ల నేను రావాలె, చూడనీకె."

"రా" అన్నాను.

వచ్చాడు. ఆ తర్వాత చాలాసార్లు వచ్చాడు. తెలంగాణ వచ్చింది, మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఇంజన్ నా ఇంట్లో కొన్నాళ్ళు, వాడి ఇంట్లో కొన్నాళ్ళు ఉంటోంది. పంపకాల కాగితం ప్రకారం అది తప్పే.

సమ్మె ముగిసి బస్సులు నడవడం మొదలైన తర్వాత ఇద్దరం కలిసి కోరుట్ల వెళ్ళాం. చేతుల్లో ఏ డబ్బా లేదు. ఆపా తలుపు తీసి మా చేతుల వైపు చూసింది.

"ఏం ఖరాబైంది?"

"ఏం కాలే ఆపా" అన్నాడు తమ్ముడు. "ఊకెనే అచ్చినం."

నేను పని లేకుండా ఒకరి గుమ్మం తొక్కింది అదే మొదలు. ఎక్కడ నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆపా కళ్ళద్దాలు పైకి తోసి ఒక్క క్షణం మమ్మల్ని చూసింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, విప్పి ఉన్న బండ్లూ, చిమటాలూ, ఇనుప కడ్డీ ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. పరిచిన పాత చీర దులిపి మడిచింది. మూడు కప్పులకు జాగా చేసింది.